ముప్పైమూడులో తిరిగిన పాట

నేను ఒక నల్లటి రికార్డుని. జపానులో ఒసాకా శివారున ఒక చిన్న ఫ్యాక్టరీలో అచ్చొత్తితే పుట్టాను. నాలో పాడింది హరుయో, నత్సుకో అనే అక్కచెల్లెళ్ళు. పగలు హోటల్లో గిన్నెలు తోమేవాళ్ళు, సాయంత్రం సింథసైజరు ముందేసుకుని పంక్ పాటలు కట్టేవాళ్ళు. అంట్ల దగ్గర తగువే వాళ్ళ పాట. నేను నిమిషానికి నలభై అయిదు చుట్లు తిరగాలి. ఆ సంగతి నా నడుమునున్న కాగితం మీద జపాను లిపిలోనే ఉంది.

నన్నూ నా తోటి కాపీలనూ దేశదేశాల పత్రికలకు సమీక్షకు పంపారు. వంటింట్లో పిల్లి దూరినట్టుందని ఒకరు రాశారు. ఎక్కువమంది ఏమీ రాయలేదు.

నేను ఒక మద్రాసు ఇంగ్లీషు పత్రిక ద్వారా పాలకొల్లులో భుజంగరావు గారి చేతిలో పడ్డాను. రిటైరైన డ్రాయింగు మేస్టారు. ముప్పై ఏళ్ళుగా సంగీతం మీద రాస్తున్నా, చదివామని ఒక్కరూ జవాబు రాయలేదు. ఆయన దగ్గరున్న నా అంత పెద్ద రికార్డులన్నీ ముప్పైమూడు చుట్లవే. నన్నూ అలాగే తిప్పారు. కాళ్ళీడ్చుకుంటూ తిరిగాను. ఆయన కళ్ళు మూసుకుని రెండు వైపులా విన్నారు. యంత్రయుగానికి ఒక మగగొంతు మెల్లగా పాడిన చరమగీతం అని రాశారు. అంత ఓపికగా నన్ను విన్నవారు లేరు. విన్నది నన్ను కాదు, అంతే.

కొన్నాళ్ళకు అక్కచెల్లెళ్ళ ఉత్తరం వచ్చింది. 'మమ్మల్ని మెచ్చింది మీరొక్కరే. మీ సమీక్ష చూసే కంపెనీ రెండో రికార్డుకి ఒప్పుకుంది. ఈసారి మీకు నచ్చినట్టు మెల్లగా పాడతాం.' మేస్టారు దాన్ని జేబులో పెట్టుకుని తిరిగారు. నన్ను వినిపిద్దామని మైకుసెట్టు సోమేలు కొట్టుకి తీసుకెళ్ళారు.

సోమేలు కాసేపు విన్నాడు. "అట్ట మీద ఇద్దరాడోళ్ళున్నారు, లోపల మగోడు మూలుగుతున్నాడేంటండీ?"

"వాళ్ళ పద్ధతిరా అది."

"పద్ధతి కాదండీ, స్పీడు." మీట జరిపాడు.

నా గొంతు నాకొచ్చింది. పక్కింటి అరుగు దగ్గర అంట్లు తోముతున్న వరాలమ్మ నవ్వింది. "ఎవురండీ ఆళ్ళు, గిన్నెలకాడ కొట్టుకుంటన్నారు?"

"నీకు జపాను భాష వచ్చా?" అన్నారు మేస్టారు.

"గొడవకి బాసెందుకండీ. మోత తెలుత్తాది గదా."

నా మీద వచ్చిన సమీక్షల్లో సరైనది అదొక్కటే. అచ్చు కాలేదు.

మేస్టారు ఆ రోజే ఉత్తరం రాయాల్సింది. రాస్తే, తన రాత చదివిన ఆ ఇద్దరూ దూరమవుతారు. నెల్లాళ్ళు జేబు తడుముకున్నారు. చివరికి రాశారు: 'తప్పు నాది, మిమ్మల్ని నేను మెల్లగా తిప్పి విన్నాను. మీరు ఎప్పట్లాగే పాడండి.' ఆ ఉత్తరం ఒసాకా చేరకముందే రెండో రికార్డు పాలకొల్లు చేరింది. అట్ట మీద ఆయన పేరు కూడా వేశారు.

"దీన్నెంతలో పెట్టమంటారండీ?" అన్నాడు సోమేలు.

"ఎలా పాడారో అలాగే పెట్టు."

ఈసారి కాగితం మీద ముప్పైమూడని అంకెల్లోనే ఉంది, అందులోనే పెట్టాడు. అక్కచెల్లెళ్ళ గొంతులే, బరువు మోస్తున్నట్టున్నాయి. మేస్టారు ఈసారి కళ్ళు మూసుకోలేదు. వరాలమ్మ చేతిలో గిన్నె ఆపి వింది.

"అయ్యో, ఆ పిల్లలేనా? జొరమేమన్నా తగిలిందాండీ?"

"నేనే తగిలించానమ్మా," అన్నారు మేస్టారు.

రెండో వైపు కూడా తిప్పమన్నారు. నేను పక్కన నా అట్టలో ఉండి, అంతా విన్నాను.