చుక్కలు మింగే పెట్టె

జగదాంబగారికి ముందు కోపం రాణి మీదే వచ్చింది. ఫోన్‌లో వర్ణం పాడమంటే, ఆ పిల్ల పైకి లేవాల్సిన చోటల్లా కిందికి జారింది. ఒకచోట కాదు, చరణం పొడుగునా అదే వరస. నేర్పిందంతా గంగలో కలిపావే అని కేకలేసి ఫోన్ పెట్టేసిన తరవాత ఎందుకో అనుమానం వచ్చి, కంప్యూటర్లో రాణి చూసి నేర్చుకునే తన పాఠాల పేజీ తెరిచింది. స్వరాలన్నీ ఉన్నాయి. వాటి నెత్తిన తను పెట్టిన చుక్కలు మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేవు. స్వరం మీద చుక్క ఉంటే పైస్థాయిలో పాడాలి, కింద ఉంటే మంద్రంలో పాడాలి. చుక్కలే లేకపోతే పిల్ల మాత్రం ఏం చేస్తుంది? అనవసరంగా దాన్ని తిట్టానని నాలిక్కరుచుకుంది.

ఆ వర్ణం ఆవిడ తండ్రి త్యాగరాజుగారు కట్టింది. ఏ పుస్తకంలోనూ దొరకదు. పోనీ తనే పాడి వినిపిద్దామంటే, పోయిన ఏడాది గొంతుకి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఆవిడకి పైస్థాయి పలకడం లేదు. ఆ మాట శిష్యురాలితో అనడానికి అభిమానం అడ్డొచ్చి, రాణి పాడమన్నప్పుడల్లా జలుబనీ దగ్గనీ తప్పించుకుంటూ వచ్చింది.

రాణిది కళింగపట్నం. చేపలమ్ముకుని బతికే ఇల్లు. వేసవి సెలవుల్లో విజయనగరంలో మేనమామ ఇంట ఉండి ఈవిడ దగ్గర సంగీతం నేర్చుకుంది. వచ్చే వారం సంగీత కళాశాలలో ప్రవేశ పరీక్ష. పాడితే ఈ వర్ణమే పాడతానని పట్టుబట్టింది. ఇలాగే పాడిందంటే సీటు రాదు. సీటు రాకపోతే చేపల బుట్ట నెత్తికెత్తడానికి వాళ్లమ్మ సిద్ధంగా ఉంది, ఇందులో దాపరికం ఏమీ లేదు.

పేజీ చేసిచ్చినవాడు మేనల్లుడు కామేష్. ఊళ్లో కొట్లకీ కోచింగ్ సెంటర్లకీ వెబ్‌సైట్లు చేసిపెడుతుంటాడు. అత్త కబురంపితే వచ్చి, కాగితం మీద రాసి ఫొటో పెట్టేద్దామన్నాడు. ఆవిడ చెయ్యి వణికి చుక్కలు పక్క స్వరం మీద వాలుతున్నాయి. పైగా రాణి ఫోన్‌లో అక్షరాలు రావడమే గగనం, బొమ్మల సంగతి దేవుడెరుగు.

“అదంతా తరవాత. సేవ్ నొక్కేదాకా నేను స్వరాలు కొట్టే ఈ పెట్టెలో చుక్కలు శుభ్రంగా కనిపిస్తున్నాయి. నొక్కగానే ఎక్కడికి పోతున్నాయిరా?”

వాడు తల గోక్కున్నాడు. ఆ పెట్టెనే ఎడిటర్ అంటారు, అదే తినేస్తోంది అత్తా అన్నాడు. ఎందుకు తింటోందని ఆవిడ ఊరుకోలేదు. ఏవేవి ఉంచాలో, ఏవేవి పారెయ్యాలో దానికి సెట్టింగుల్లో చెప్పి ఉంటుందట. చెప్పినవాడెవడని అడిగితే వాడు, నేనే, ఇంకో సైటుకి రాసింది తెచ్చి ఇక్కడ అతికించేశాను అని ఒప్పుకున్నాడు. తిట్టడానికి తీరిక లేక ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

కామేష్ ఆ ఫైలు తెరిచాడు. ఆవిడ కళ్లజోడు సవరించుకుని వరసవరసా చదివింది. అర్థమైంది తక్కువే గాని, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో పట్టేసింది. ఫలానా స్వరాలు పలకాలి, తక్కినవి రాకూడదని రాగానికి చెప్పుకున్నట్టే ఉందే, అయితే నా చుక్కలనీ రానివ్వమని రాయి అంది. వాడు రాశాడు. సేవ్ నొక్కితే చుక్కలు నిలిచాయి.

ఇక ఆవిడని ఆపడం ఎవరి తరం? పెట్టె నెత్తిమీద మీటలన్నీ ఎవరు పెట్టారు, తియ్యొచ్చా, మనవి పెట్టుకోవచ్చా అని గుక్క తిప్పుకోకుండా అడిగింది. తియ్యొచ్చనగానే రంగుల మీట పీకించింది. నవ్వు మొహాల మీట చూసి, వర్ణం మధ్యలో ఇదెందుకురా అని అదీ పీకించింది. వాటి చోట ‘పై చుక్క’, ‘కింది చుక్క’ అని రెండు మీటలు వెలిశాయి. స్వరాన్ని ఎంచి నొక్కితే చుక్క వచ్చి కూర్చుంటోంది. ఇక చుక్కల్ని ఎక్కణ్ణుంచో కాపీ కొట్టి అతికించే బాధ లేదు. ఆవిడ చిన్నపిల్లలా పెట్టడం తియ్యడం, పెట్టడం తియ్యడం.

తీరా పేజీ తెరిస్తే అక్కడ మళ్లీ చుక్కల్లేవు. ఆవిడ ప్రాణం ఉసూరుమంది. కామేష్ మాత్రం ఈసారి కంగారుపడలేదు. చుక్కలు పోలేదనీ, వాటిని ఎలా చూపించాలో ఎడిటర్‌కి చెప్పి పేజీకి చెప్పడం మరిచాననీ అన్నాడు. రాసిందే తీసుకెళ్లి పేజీకీ చెప్పాడు. చరణం మొత్తం చుక్కలతో నిండిపోయింది.

రాణికి ఫోన్ చేసి పేజీ చూడమన్నారు. చాలాసేపటికి ఆ పిల్లే తిరిగి చేసింది.

“సుక్కలొచ్చేయమ్మా. ఇక్కడ గ మీద ఉన్నాది. అంత పైకెల్లాలా?”

“వెళ్లాలి. అక్కడ నిలబడి, తరవాత దిగు.”

రాణి ఊపిరి పట్టి పాడింది. పైస్థాయి గాంధారం తిన్నగా వచ్చి నిలబడింది. అక్కణ్ణుంచి ఒక్కో స్వరం తన తండ్రి దింపినట్టే దిగుతుంటే జగదాంబగారి పెదవులు ఊరికే కదిలాయి. కళ్లనీళ్లు ఆగలేదు.

“సరిగ్గా వచ్చినాదా అమ్మా? మీరొకసారి పాడితే సరిసూసుకుంటాను.”

జలుబని చెప్పబోయి ఆవిడ ఆగింది.

“నాకు పైస్థాయి పోయిందే రాణీ. ఇంక రాదు. ఆ చోటు అలా పలికే గొంతు ఇప్పుడు నీ ఒక్కదానిదే. పాడు, నేను వింటాను.”

రాణి పల్లవి దగ్గర్నుంచి మొదలుపెట్టింది.