సంతకతండ్రి

బోయిగూడలోని పాత మేడ పైఅంతస్తులో సదాశివ పెట్టిన ట్యూషన్ సెంటరు ఆ ఉదయమే మొదలైంది. పైన నలభైమంది పిల్లలు బెంచీలు సర్దుకుంటున్నారు. కింద మెట్ల పక్కన, భవనం భద్రమేనన్న సర్టిఫికెట్‌ను గోడకు తగిలిస్తూ సదాశివ దాని మీదున్న ఇంజనీరు సంతకం వైపు చూశాడు. కింద రెండు గీతలు, మూడు చుక్కలు.

హైస్కూల్లో ప్రోగ్రెస్ కార్డుల మీద ఎవరి నాన్న సంతకానికైనా అవే గీతలు, అవే చుక్కలు. మార్కులెన్నొచ్చినా ఇంట్లో రిమార్కు రాకుండా కాపాడిన తిరుమల్, క్లాసులో ముప్పైమందికి కన్నతండ్రులుండగానే సంతకతండ్రి అయ్యాడు. ఇప్పుడు ఇంజనీరై పక్కనే నిలబడి చాయ్ తాగుతున్నాడు.

"అరేయ్, బిల్డింగ్ ఎప్పుడు చూసినవ్‌రా?" సదాశివ అడిగాడు.

"చూసుడేందిరా! జల్దీ కావాలంటివి, ఇంట్ల కూసొని పెట్టిచ్చిన. అప్పుడు నీ మార్కులు చూసి పెట్టిన్నా ఏంది?"

సదాశివ నవ్వబోయాడు. పైన ఎవరో బెంచీ ఈడ్చారు. తిరుమల్ చాయ్‌లో సున్నం పెచ్చు పడింది.

"జెర పైకి రా, క్లాసు చూద్దువు."

తిరుమల్ తలెత్తి పైకప్పులోని బీటను చూశాడు. "మోకాళ్ల తక్లీఫ్‌రా, మళ్లొస్తా" అంటూ వీధిలోకి దాదాపు పరుగెత్తాడు.

పిల్లల్ని కేకేయబోయి సదాశివ నోరు మూసుకున్నాడు. పిలిస్తే నలభైమందీ ఒక్కసారే లేచి మెట్ల మీదికి దూకుతారు; ఆ అదురుకు ఈ కప్పు ఆగదు. చెప్పులు విడిచి, ఊపిరి బిగబట్టి, మొదటి మెట్టు మీద మెల్లగా కాలు మోపాడు.