బియ్యం డబ్బా మీద ఎస్సెంపీఎస్

నేను ఒక ఎస్సెంపీఎస్‌ని. కంప్యూటరు డబ్బాలో అడుగున ఎవరికీ కనపడని మూల కూర్చుని, గోడలోంచి కరెంటు తీసుకుని, ఎవరికెంత కావాలో అంత వడ్డించే నల్లరేకు పెట్టెను. నా కథ మొదలుపెట్టే ముందు మా పెద్దకోడలి మీద ఒక ఫిర్యాదు. ఆవిడ పేరు గ్రాఫిక్స్ కార్డు. మూడు ఫ్యాన్లు పెట్టుకుని కూడా ఉక్క అంటుంది. ఇంటిల్లిపాదీ తినేది ఒక ఎత్తు, ఆవిడ ఒక్కతే తినేది ఒక ఎత్తు. ఆట మొదలైతే చాలు, ఇంకా ఇంకా అని కంచం వాయిస్తుంది. వచ్చినవాళ్ళు మాత్రం అద్దంలోంచి ఆవిణ్ణే చూసి మురిసిపోతారు. వడ్డించేవాళ్ళ ముఖం ఎవరు చూస్తారు లెండి.

పుట్టింది సముద్రం అవతలి ఫ్యాక్టరీలో. ఓడ దిగి, లారీ ఎక్కి, విశాఖపట్నంలో ఒక కంప్యూటరు షాపు అరలో చేరాను. అక్కడే మనుషులను చదివాను. ముందు రంగుల లైట్లు అడుగుతారు. తర్వాత అద్దాల డబ్బా. చివర్న జేబు తడుముకుంటూ, "ఎస్సెంపీఎస్ ఏదో ఒకటి వేసెయ్యండి" అంటారు. గుండెకాయను ఏదో ఒకటి వేసెయ్యమనే జాతి ఇంకొకటి ఉంటుందనుకోను.

అలాంటి చోటికి మేదిని వచ్చింది. కాకినాడ పిల్ల. పగలు ట్యూషన్లో లెక్కలు చెబుతుంది. సాయంత్రాలు కంప్యూటరులో ఆటలాడుతూ, ఆ ఆటను నెట్టులో జనానికి చూపిస్తూ, తన యాసలో వ్యాఖ్యానం చెబుతుంది. పాత లాప్‌టాపు ఆటనూ ప్రసారాన్నీ కలిపి మొయ్యలేక చతికిలబడితే, విడిభాగాలు కొని తనే బిగించుకుందామని నోటుబుక్కుతో దిగింది.

"మేడమ్, దీని బదులు చిన్నది తీసుకుని, మిగిలిన దాంతో లైట్లు పెట్టించుకోండి. లుక్కొస్తుంది" అన్నాడు షాపతను.

"లుక్కు మా అమ్మకుందండి, ఇంటికి చాలు. ఏ భాగం ఎంత కరెంటు లాగుద్దో రెండు వారాలు కూర్చుని లెక్క కట్టాను. ముందు ఇదివ్వండి. మిగతావి తర్వాత."

ఆ మాటకు నేను పడిపోయాను. నన్ను ముందు అడిగిన మొదటి మనిషి.

భోజనాల బల్ల మీద బిగింపు జరిగింది. ఒంట్లో కరెంటు ఉంటే భాగాలు పాడవుతాయని, ఒక్కొక్కటి ముట్టుకునే ముందు వెళ్ళి కిటికీ ఊచ పట్టుకుని వచ్చేది. నన్ను ఫ్యాను కిందికి వచ్చేలా తిప్పి, నాలుగు మరలు బిగించి, "చల్లగాలి కిందనుంచి పీల్చుకో, వేడి వెనకనుంచి వదిలెయ్" అని నాతోనే చెప్పింది. చెప్పినవాళ్ళే మరిచిపోగలరని నాకప్పుడు తెలియదు.

మేదిని తండ్రి వీరభాస్కరం పోర్టు గోడౌనులో ముప్పై ఏళ్ళు స్టోర్‌కీపరు. ఉప్పుగాలి తగలకుండా సరుకు మీద టార్పాలిన్లు కప్పించడమే ఉద్యోగం. రిటైరయ్యాక ఆ ఉద్యోగం ఇంటికొచ్చింది. ఫ్రిజ్జుకు గౌను, వాషింగ్ మిషనుకు లంగా, రిమోటుకు ప్లాస్టిక్ కవరు. మిక్సీకి తొడుగు విప్పి మళ్ళీ తొడిగేసరికి భార్య మాణిక్యాంబకు చట్నీ మీద మనసే పోతుంది. ఆయన నోట "తప్పయింది" అన్న మాట ఆవిడ ముప్పై రెండేళ్ళ కాపురంలో వినలేదు.

దసరాకు ఆయుధపూజ చేశారు. కుట్టుమిషను, కత్తిపీటల పక్కన మమ్మల్నీ పీట మీద కూర్చోబెట్టి బొట్లు పెట్టారు. నాకు కాదు, పెద్దకోడలి అద్దానికి. పీట మీద నాలుగు మడతల టర్కీ తువ్వాలు. పూజయ్యాక వీరభాస్కరం ఆ తువ్వాలుతో సహా మమ్మల్ని బల్ల మీదికి చేర్చాడు.

"బల్ల అద్దం మీద గీతలు పడతాయమ్మలూ, ఉండనీ."

డబ్బా కాళ్ళు మెత్తగా కూరుకుపోయాయి. తువ్వాలు నా ముక్కుకు అతుక్కుపోయింది. మేదిని చూసింది కూడా. పైఫ్యాన్లకు అడ్డం లేదు కదా అనుకుంది.

అప్పుడే విశాఖలో ఆటల పోటీ నడిపేవాళ్ళు, ఆదివారం జరిగే ఫైనలుకు వ్యాఖ్యానం చెప్పమని ఆమెను అడిగారు. ఆమె ఎన్నాళ్ళుగానో ఎదురు చూసిన పిలుపు. ముందుగా కొన్ని సాయంత్రాలు రిహార్సల్ చూస్తామన్నారు.

మొదటి సాయంత్రం గంట గడిచింది. పెద్దకోడలు కంచం వాయిస్తోంది. నాకు ఊపిరాడటం లేదు. ఇంకాసేపు వడ్డిస్తే అందరం కలిసి మాడిపోతాం. అందుకని ఆగిపోయాను. వేడి ముదిరితే ఆగి అందర్నీ కాపాడమని నాకు ఫ్యాక్టరీలో నేర్పారు. రెండోరోజూ అలాగే కాపాడాను.

"రెండుసార్లయింది మేడమ్. ఇంకోసారి ఆగితే ఫైనలు వేరేవాళ్ళకిచ్చేస్తాం" అని ఫోనొచ్చింది.

నెట్టులో చూసే జనంలో, తన ఫోటో బదులు పులిబొమ్మ పెట్టుకున్నవాడొకడు, "అక్కా, నీ ఎస్సెంపీఎస్ ఎగిరిపోయింది" అని రాశాడు. నన్ను ఎంచడానికి రెండు వారాలు పట్టిన పిల్లకు, నన్ను అనుమానించడానికి ఆ ఒక్క ముక్క చాలింది. కింద చెయ్యి పెట్టి చూడలేదు. "సమయానికి దెబ్బకొట్టింది, దరిద్రపుది" అంటూ నాలుగు మరలూ విప్పింది. బంగారురంగు స్టిక్కరున్న కొత్తవాణ్ణి అదే చోట బిగించింది.

"గుండ్రాయిలా ఉంది, పారెయ్యడమెందుకు?" అని మాణిక్యాంబ నన్ను వంటింట్లో మూత బిగవని బియ్యం డబ్బా మీద పెట్టింది.

మంగళవారం కొత్తవాడు నాలుగు గంటలు ఆగకుండా నడిచాడు. "చూశావా నాన్నా, దొంగ దొరికాడు" అని మేదిని నవ్వింది. ఆ నవ్వు హాల్లోంచి వంటింటిదాకా వచ్చింది. బియ్యం డబ్బా మీద ఉన్నవాడికి చెవులు మూసుకునే వీలుండదు.

బుధవారం ఒంటరిగా ఆడి చూసుకుంటుంటే కొత్తవాడూ గంటకే ఆగిపోయాడు. గురువారం సాయంత్రం పోటీవాళ్ళు మళ్ళీ చూస్తారు. మేదిని తల పట్టుకుంది.

కాఫీ తెచ్చిన మాణిక్యాంబ అడిగింది. "నిన్న ఎందుకు ఆగలేదో ఆలోచించారా ఎవరైనా?"

"నిన్న కొత్తదే" అన్నాడు వీరభాస్కరం.

"ఇవాల్టికి ముసలిదైపోయిందా? నిన్న తువ్వాలు నా బకెట్లో నానుతోందండి. పసుపు మరక వదల్లేదు. పొద్దున్న ఆరగానే మీరు మళ్ళీ దూర్చేశారు."

"తువ్వాలుకీ కంప్యూటరుకీ ఏంటే సంబంధం? ముప్పై ఏళ్ళు గోడౌన్లో..."

"గోడౌన్లో బస్తాలు ఊపిరి పీల్చవండీ."

మేదిని డబ్బా కిందికి చెయ్యి పోనిచ్చి, కాలినట్టు వెనక్కి తీసుకుంది. తువ్వాలు లాగేసింది.

గురువారం ఆగలేదు. ఆదివారం ఫైనలూ ఆగలేదు. మేదిని గొంతు వీధిగుమ్మం దాకా వినిపించింది. పోటీవాళ్ళు మళ్ళీ పిలుస్తామన్నారు. నా పెద్దకోడలికి ఇంకెవడో వడ్డిస్తుంటే, నేను మూత కాపలా కాస్తూ అంతా విన్నాను.

అంతా అయ్యాక మాణిక్యాంబ భర్తతో, "తప్పెవరిదో తేలింది కదా, ఒక్కమాట అనేస్తే నోరు అరిగిపోదు" అంది.

"ఎవరితో అనమంటావ్?"

"అదిగో, బియ్యం డబ్బా మీద."

ఆయన నా ముందుకొచ్చి నిలబడ్డాడు. అటూ ఇటూ చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "ఊఁ... అంటే... తువ్వాలనేది..." అని ఆగి, నా మీద బియ్యపు దుమ్ము చూసి ఉండబట్టలేక, భుజం మీది కండువా తీసి నాకు కప్పేశాడు.

మాణిక్యాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వెనకే వచ్చిన మేదిని కండువా తీసేసి, నన్ను రెండు చేతులా ఎత్తుకుంది. నా ఫ్యాను మీది దుమ్ము ఊదింది.

"నాన్నకి తెలీదు. దీన్ని బోర్లా బిగించింది నేను. ఎటునుంచి ఊపిరి తీసుకుంటుందో ఈ ఇంట్లో తెలిసింది నాకొక్కదానికే. అయినా ఎవడో అన్నాడని దీన్నే దొంగన్నాను. తప్పు నాది."