పన్నెండో చేప

పదకొండు దాకా లెక్కపెట్టి ఆగిపోయాడు. మళ్ళీ మొదటి నుంచీ లెక్కపెట్టాడు. మళ్ళీ పదకొండే. పన్నెండోది తొట్టి మూలన, గోడ నీడలో, తెల్లటి పొట్ట పైకి పెట్టి తేలుతోంది.

మురుగునీటి శుద్ధి కేంద్రంలో ఆఖరి తొట్టి అది. ఊరి మురుగంతా వరసగా అన్ని తొట్లూ దాటి, తేరుకుని, వడగట్టుకుని ఇక్కడికి చేరుతుంది. ఆ నీళ్ళలో పన్నెండు చేపల్ని వదిలి వారం రోజులు చూడాలి. అన్నీ బతికుంటే ఇవాళ మధ్యాహ్నం గేటు ఎత్తి, మొట్టమొదటిసారి నీళ్ళను కాలువలోకి వదులుతారు. ఒక్కటి చచ్చినా వ్యవహారం మళ్ళీ మొదటికొస్తుంది. ఇంకో వారం ఆగితే కొంపలేం మునగవు. కానీ ఆయన ఉద్యోగం ఈ సాయంత్రంతో అయిపోతుంది. ఆ గేటు తన చేత్తో ఎత్తి ఇంటికి వెళ్ళాలన్నదే ఆయన ఆశ.

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆయన చేసిందేమిటంటే, పాత పంపు గదిలో మీట నొక్కి, ఊరి మురుగును ఉన్నదున్నట్టు కాలువలో పొయ్యడం. దిగువన ఆ కాలువ ఒడ్డునే అక్క ఇల్లు. అక్క పిల్లలు ఆయన్ని ‘కంపు మామయ్య’ అని పిలిచేవాళ్ళు. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. కానీ ఆ ఇంట్లో ఒక్కనాడూ కడుపారా తినలేదు. ముక్కు మూసుకుని వడ్డించే అక్క ఎదురుగా ముద్ద ఎలా దిగుతుంది? మనిషన్నాక సిగ్గుండదూ!

ఎనిమిదేళ్ళ కిందట ఊరు ఈ కేంద్రం కట్టడానికి పూనుకుంది. పన్ను పెంచారని జనం గొణిగారు, సణిగారు, తవ్విన వీధుల్లో పడి మోకాళ్ళు చెక్కుకున్నారు. అయినా కట్టుకున్నారు. దీని ముందు నిలబడి ఎవరూ ఫొటో దిగరు. ఆయన మాత్రం పొద్దున్నే తొట్ల చుట్టూ ఉన్న నీలం రెయిలింగులు కనిపించగానే ఒక్క క్షణం ఆగేవాడు. తన చేత ఆ పాడుపని మాన్పించడానికే ఇంతమంది ఇంత కష్టపడ్డారనిపించి, లోపలే ఊరంతటికీ దణ్ణం పెట్టుకునేవాడు.

అంతలో ల్యాబ్ మేడం వచ్చింది. ఆయన కూతురి వయసు పిల్ల. తొట్టిలోకి చూడగానే ముఖం వాడిపోయింది.

“అయ్యో బాబాయ్! చావడానికి ఇవాళే దొరికిందా దీనికి?”

“నీళ్ళ తప్పు కాదమ్మా.”

“చేప చెప్పిందా మీకు?”

ఆయన తల దించుకున్నాడు. “నేను రొట్టె వేశాను.”

“ఎప్పుడు?”

“రోజూ. ఒక ముక్క... రెండనుకోండి.”

మేత వెయ్యరాదని రాసిన బోర్డు వాళ్ళ నెత్తిమీదే ఉంది. దాన్ని బిగించిందీ ఆయనే.

“తెలీక కాదమ్మా. ఇన్నేళ్ళలో ఈ నీళ్ళలో ప్రాణమున్నదాన్ని ఒక్కదాన్నీ చూళ్ళేదు. పాపం, ఆకలేస్తుందేమోనని... నా మీద ఏం రాసుకుంటారో రాసుకోండి. నీళ్ళ మీద మాత్రం రాయకండి.”

ఆమె చేపను వలతో తీసుకుని ల్యాబ్ గదిలోకి వెళ్ళింది. ఆయన మెట్ల మీద కూలబడ్డాడు. నోరు మూసుకుని ఉంటే ఆఖరిరోజు ఈ మచ్చ పడేది కాదు. అయినా నీళ్ళ మీద నింద పడితే ఎలా ఊరుకుంటాడు!

అరగంట తర్వాత ఆమె నవ్వాపుకుంటూ బయటికొచ్చింది. “పొట్ట కోసి చూస్తే అంతా రొట్టే బాబాయ్! ఇది మీ ఒక్కరి నిర్వాకం కాదు.”

సంగతి విని అప్పటికే అక్కడ చేరినవాళ్ళలో పంపు గదిలో పనిచేసేవాడు తల గోక్కున్నాడు. కాపలా మనిషి ఆకాశం కేసి చూశాడు. మూడు షిఫ్టుల వాళ్ళూ ఒకరికి తెలియకుండా ఒకరు మేపారన్నమాట!

“నీళ్ళ పరీక్షలన్నీ బాగున్నాయి. ఇది పోయింది మీ ముద్దు ఎక్కువై. జరిగింది జరిగినట్టు రాసి పైవాళ్ళకి పంపుతాను,” అంది. తర్వాత ఫోనులో చాలాసేపు వాదించింది. చివరికి బొటనవేలు పైకెత్తి చూపించింది.

మిట్టమధ్యాహ్నం గేటు చక్రం పెనంలా కాలుతోంది. అయినా ఆయన ఇంకెవర్నీ దగ్గరికి రానివ్వలేదు. తిప్పుతుంటే కింద నీళ్ళు గలగలమని కాలువలోకి జారాయి. గట్టిగా ఊపిరి పీల్చి చూశాడు. కంపు లేదు. అందరి ముందూ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

డ్యూటీ దిగి తిన్నగా అక్క ఇంటికి వెళ్ళాడు.

“ఇంకాస్త పెట్టనా?” అంది అక్క, ఎప్పటిలాగే వద్దంటాడనుకుని.

“పెట్టక్కా,” అన్నాడు. మూడుసార్లు పెట్టించుకున్నాడు.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం అక్కడే భోజనం. మూడు వారాలు గడిచాక ఒకనాడు ల్యాబ్ మేడంకు ఆయన అక్క నుంచి ఫోను వచ్చింది. “కాలువ ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చున్నాడమ్మా. గాలి చల్లగా తగులుతోందిగా, హాయిగా నిద్ర పట్టిందనుకున్నాను. లేపితే లేవలేదు.”

ఆమె ఫోను పెట్టేసి గేటు దగ్గరికి నడిచింది. ఆ రోజు చెయ్యి కాలకుండా ఆయన చక్రానికి కట్టిన గళ్ళ రుమాలు ఇంకా అలాగే ఉంది. కొత్తగా చేరిన మనిషి ముడి విప్పకుండా, దాని మీదే చెయ్యి వేసి గేటు తిప్పుతున్నాడు.