మూడో పేజీ నుంచి

సింకు నిండా ఎంగిలి కప్పులు. ఆదివారం భర్త స్నేహితులొస్తే ఇదే వరస. ఆత్మకి చావుందా లేదా అని వాదించుకుని గొంతులెండిపోతాయి పాపం, గంటకోసారి టీ పడాల్సిందే. ఇటూ అటూ తిరిగి ఆవిడ కాళ్లు పడిపోతాయి. ఆవిడా కాలేజీలో తత్వశాస్త్రం చెప్పేదే. ఆ సంగతి ముందుగదిలో ఎవరికీ గుర్తుండదు. ఒకసారి ట్రే పట్టుకునే ఏదో అనబోతే, "ఇది నీ క్లాసు కాదు, చక్కెర సరిపోయిందో లేదో చూడు," అన్నాడాయన. అందరూ నవ్వారు. సిగ్గులేకపోతే సరి, తనూ నవ్వింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో పాఠం చెప్పడం నేర్పిందీ ఆయనే. అదే కాలేజీలో సీనియరు మరి. మరణశిక్ష పడ్డ ఓ ముసలి జ్ఞాని, చివరి రోజున జైల్లో శిష్యులతో మాట్లాడిన మాటలే ఆ పాఠం, ఓ ప్రాచీన గ్రీకు గ్రంథం. "మొదటి రెండు పేజీలూ వదిలెయ్, అదంతా ఇంటి గోల. అసలు సరుకు మూడో పేజీలో మొదలవుతుంది," అన్నాడు. ఆవిడ అప్పట్నుంచీ తు.చ. తప్పకుండా మూడో పేజీ నుంచే చెప్పుకొచ్చింది.

మొన్న క్లాసులో, ఎప్పుడూ నోరు మెదపని వెనక బెంచీ పిల్ల లేచి నిలబడింది.

"మేడం, మొదటి పేజీలో ఆ జ్ఞాని భార్య ఏడుస్తుంటే ఇంటికి పంపించేస్తారు కదా. తర్వాత ఆవిడ ఏమైంది?"

ఆవిడ అది సిలబస్‌లో లేదంది. పిల్ల కూర్చుంది. గట్టిగా అడిగి ఉంటే ఎంత బాగుండేది! బిడ్డని చంకనేసుకుని వచ్చిన ఆ ఇల్లాలు ఏ దారిన తిరిగి వెళ్లిందో, వెళ్లి బిడ్డకేం పెట్టిందో, తను ఒక్కనాడైనా ఆలోచించిందా? పైగా ఏటేటా తనే ఆమెని బయటికి పంపి తలుపు వేసి మరీ పాఠం మొదలుపెట్టింది. ఎంతమంది ఆడపిల్లలు ఆ పాఠం విని వెళ్లిపోయారో. వాళ్లనిప్పుడు ఎక్కడని వెనక్కి పిలవడం?

ముందుగదిలోంచి మళ్లీ కేక వినిపించింది, టీ అని. ఆవిడ కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, పుస్తకం తీసుకుని వెళ్లి వాళ్ల మధ్య ఖాళీ కుర్చీలో కూర్చుంది.

"టీ ఏదీ?" అన్నాడాయన.

"పాలు స్టవ్ మీదే ఉన్నాయి. పొడీ చక్కెరా పక్కనే పెట్టాను," అంది ఆవిడ, పుస్తకం తెరుస్తూ. "మీరు పెట్టుకొచ్చేలోపు వీళ్లకి మొదటి పేజీ చదివి వినిపిస్తాను."