ముద్ద దిగేదాకా

నేను ఒక హోల్టర్ యంత్రాన్ని. అరచేతిలో ఇమిడే పెట్టెను. విజయనగరంలో ఒక గుండె ఆస్పత్రిలో నా కొలువు. రోగి ఛాతీకి తీగలు అంటించి, నన్ను నడుముకు కట్టి, రోజంతా మీ పనులు మీరు చేసుకోండని ఇంటికి పంపేస్తారు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ నేను రాసుకోవాలి. కునుకు తీసే యోగం లేదు.

నన్ను కట్టుకోగానే మనుషులకు ఎక్కడలేని బుద్ధీ వచ్చేస్తుంది. బీడీలు మానేస్తారు, పెళ్ళాం మీద అరవరు. నన్ను విప్పాక మళ్ళీ మామూలే.

పైడిరాజు కాలేజీ బస్సు డ్రైవరు. ఓ పొద్దున టిఫిను తింటూ కళ్ళు తిరిగి బెంచీ మీంచి పడిపోయాడు. గుండె సంగతి తేలేదాకా స్టీరింగు ముట్టుకోవద్దని యాజమాన్యం తాళాలు లాగేసుకుంది. బస్సు తప్ప అతనికి మరో పని రాదు. నన్ను కట్టుకున్న రోజంతా అతని గుండె బుద్ధిగా కొట్టుకుంది. నన్ను విప్పుతూ సిస్టరు అడిగింది, భోజనం చేసేటప్పుడు ఏమైనా అనిపించిందా అని.

"బోజనమేటమ్మా? పరీచ్చంటే పరగడుపునే కదా! మంచినీళ్ళు తప్ప ఏటీ ముట్నేదు."

రక్తపరీక్ష నియమాన్ని నాకూ అంటగట్టాడు మహానుభావుడు! సిస్టరు తల పట్టుకుని, ఈసారి కడుపునిండా తినమని చెప్పి మళ్ళీ కట్టింది.

ఇంట్లో భార్య వరహాలమ్మ కంచం ముందు పెట్టి, "తినయ్యా, నానున్నాను కదా" అని పక్కనే కూర్చుంది. ముద్ద గొంతు దాటి ఛాతీలోకి దిగింది. గుండె ఆగింది! నేను బెంబేలెత్తిపోయాను. గీత సాపుగా పోతూనే ఉంది. అతను ఆమె భుజం మీదికి ఒరిగాక గానీ మళ్ళీ కొట్టుకోలేదు.

నా రాత చూసి డాక్టరు అతన్ని గొంతులోకి గొట్టం వేసి చూసే డాక్టరు దగ్గరికి పంపాడు. తప్పు గుండెది కాదట. అన్నవాహిక కింది భాగం ఇరుకైపోయింది. ముద్ద అక్కడ పట్టేసినప్పుడల్లా ఓ నరం ఉలిక్కిపడి, పక్కనే ఉన్న గుండెను ఆపేస్తోంది. ఆ ఇరుకు వదులు చేసి, మందులిచ్చి పంపారు.

ఇవాళ మళ్ళీ నన్ను కట్టుకున్నాడు. ఈ పరీక్ష బాగా వస్తేనే బస్సు ఇస్తారు. మధ్యాహ్నం అన్నం కలిపి, ముద్ద చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు. చివరికి నోట్లో పెట్టుకున్నాడు. ముద్ద దిగింది. గుండె కొట్టుకుంది. ఇంకో ముద్ద. మళ్ళీ కొట్టుకుంది. కంచం ఖాళీ అయ్యేదాకా ఎక్కడా తడబడలేదు.

చెయ్యి కడుక్కొచ్చి చొక్కా మీంచి నన్ను తడిమాడు. "ఏటి రాసినావే?" అన్నాడు.

రేపు డాక్టరు చూసేదాకా అతనికి తెలియదు. ఇంట్లోకీ వీధిలోకీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాడు. బాగున్నావురా నాయనా, బస్సు నీదేరా అని చెప్పలేక, అతని నడుముకు వేలాడుతూ నేను గింజుకుంటున్నాను.