కుడి బుగ్గ మీద దద్దు

"తల్లి సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరితే పిల్ల ఒంటి మీద దద్దుర్లు కాక ముత్యాలు పూస్తాయా?" అంది అత్తగారు, పాలగ్లాసు కోడలి ముందు పెట్టబోయి, గుర్తొచ్చి వెనక్కి తీసుకుంటూ. కోడలు పాలు తాగకూడదు. గుడ్డు తినకూడదు, చేప తినకూడదు, వంకాయ వైపు చూడనే కూడదు. పది నెలల పిల్ల బుగ్గ మీద మొదటి దద్దు లేచిన రోజునుంచీ, అంటే పదకొండు వారాలుగా, ఆమె తింటున్నది ఉడికిన అన్నం, ఉడికిన బంగాళాదుంప, వాటిమీద రవ్వంత ఉప్పు. పాలిచ్చే తల్లి ఏదో తింటోంది, అదే పిల్లకి పడటం లేదని ఇంట్లో తీర్మానమైపోయింది. మొగుడికి గుడ్లు వేయించి పెట్టేది మాత్రం తనే. వాసన చూడటాన్ని ఇంకా ఎవరూ నిషేధించలేదు.

అత్తగారు చెడ్డమనిషేం కాదు. పగలంతా పిల్లని కళ్ళలో పెట్టుకుని చూసేది. కాకపోతే ఆవిడ వంటింట్లో గుసగుసలాడితే మూడో వీధిలో కుక్క లేచి కూర్చునేది. అంచేత దద్దు ఎవరి తప్పో మూడు వీధుల జనానికీ, ఆ కుక్కకీ కూడా తెలుసు.

కోడలు చొక్కాల ఫ్యాక్టరీలో చెకింగ్ బల్ల దగ్గర పనిచేసేది. అక్కడ ఆమెని అందరూ భూతద్దం అనేవారు. కదిలే బస్సులో కూర్చున్నవాడి చొక్కాకి బొత్తం వదులైతే, ఈవిడ రోడ్డవతల నిలబడి ఎన్నో బొత్తమో చెబుతుందని మిషన్ల మీద ఆడవాళ్ళు బస్తీమే సవాల్ అని పందేలు కాసేవారు. అలాంటి కళ్ళు ఇంటి గడప దాటితే మసకబారేవి. ఎందుకంటే ఇంట్లో తప్పు ఎక్కడుందో ముందే చెప్పేసేవారు, వెతికే పని ఉండేది కాదు. "ఆదివారం దద్దు రావట్లేదు చూశావా? నువ్వింట్లో ఉంటే పిల్లకి హాయి. ఇంతకన్నా రుజువేం కావాలి?" అన్నాడు మొగుడు. కొరియర్ ఆఫీసులో పని ఆయనకి, రుజువులంటే మహా ఇష్టం. "ఫ్యాక్టరీ ఏమన్నా నీ భుజాల మీద నిలబడిందా, నువ్వు మానేస్తే కూలడానికి?" అని రాజీనామా కాగితం కూడా తనే టైపు చేయించి తెచ్చాడు. శనివారం లోపు సంతకం పెట్టాలి. ఆదివారం మాట నిజమేనని ఆమెకీ అనిపించింది. రాసుకునే సబ్బు మార్చింది. ఫ్యాక్టరీ దూది పొట్టు అంటుతుందేమోనని ఇంటికొచ్చీ రాగానే స్నానం చేసింది. ఎప్పుడో ఒకసారి, ఈ పిల్ల లేకపోతే ఇంకో గంట పడుకుందును కదా అనుకుంది, దానికి శిక్షేమో ఇది అని కూడా లోపల్లోపల కుమిలింది.

గురువారం మధ్యాహ్నం బల్ల మీదికి పన్నెండు చొక్కాలు వచ్చాయి. పన్నెండిటికీ ఎడమ భుజం దగ్గరే, ఒకే చోట కుట్టు జారింది. "ఏడో నంబరు మిషను చూడండి" అంది అలవాటుగా. అన్నాక చెయ్యి ఆగిపోయింది. ఒకే తప్పు ఒకే చోట పదేపదే వస్తుంటే ఆమె ఏనాడూ బట్టని తిట్టలేదు, దారాన్ని పస్తు పెట్టలేదు. ఏ మిషను, ఏ చెయ్యి, ఏ వేళ అని చూసేది. ఫోన్ తీసి పిల్ల ఫోటోలు వరసగా జరిపింది. అన్నిట్లోనూ కుడి బుగ్గే. అన్నీ ఏడింటికి అటూ ఇటూ తీసినవే. నిన్నటి ఫోటో లేదు, నిన్న దద్దు రాలేదు. నిన్న తను డ్యూటీకి వెళ్ళింది. ఊళ్ళో లేనిది మొగుడు.

ఆ సాయంత్రం ఆమె పనేమీ పెట్టుకోకుండా కుర్చీలో కూర్చుంది. ఆరున్నరకి మొగుడొచ్చాడు, పిల్లనెత్తుకున్నాడు, గుబురు మీసం కుడి బుగ్గకి ఆనించి ముద్దుపెట్టాడు. ఆమె గడియారం చూసింది. ఆరు నిమిషాలు. మీసం ఆనినంత మేరా ఎర్రగా లేచింది.

"వచ్చేముందు ఏం తిన్నారు?"

"నన్నడుగుతావేంటి? తినకూడనిది నువ్వు కదా."

ఆమె లేచి ఆయన చొక్కా జేబు బయటికి తిరగేసింది. మూల కుట్టులో ఎర్రటి పొట్టు ఇరుక్కుని ఉంది.

"వేరుశనగ గింజలు," అన్నాడు. "ఆఫీసు మూసేటప్పుడు రోజూ అందరం తలా గుప్పెడు..."

ఆదివారం ఆఫీసు ఉండదన్న సంగతి ఆయనకి అప్పుడు తట్టినట్టుంది, మాట సగంలో ఆపేశాడు. వంటింటి గుమ్మంలో అత్తగారు చేతిలో సీసాతో నిలబడిపోయింది. రేపటినుంచి పిల్ల జావలో కలుపుదామని, బలమని, ఆ మధ్యాహ్నమే వేరుశనగ గింజలు వేయించి పొడి కొట్టింది. సీసా వైపు పాముని చూసినట్టు చూసి, మూత బిగించి, కిందికి దిగి చెత్తకుండీలో పడేసి వచ్చింది. చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. ఒక్క మాట అనలేదు. మూడో వీధి కుక్క ఆ పూట హాయిగా పడుకుని ఉంటుంది.

మర్నాడు పొద్దున పిల్లల డాక్టరమ్మ పిల్ల వీపు మీద పాలు, గుడ్డు, గోధుమ, వేరుశనగ, ఒక్కో చుక్కా వేసి సన్నగా గుచ్చి చూసింది. ఒక్క వేరుశనగ దగ్గరే పొంగింది. "ముద్దుకే ఇంత వచ్చిందంటే, చెంచాడు కడుపులోకి వెళ్తే గొంతు వాచేది. సమయానికి పట్టుకున్నారు," అంది. "ఇంట్లోకి ఆ గింజ రానివ్వకండి. పొట్లాల మీద చిన్న అక్షరాలు చదవాలి. బయటినుంచి వచ్చినవాళ్ళు మూతీ చేతులూ సబ్బుతో కడుక్కునే పిల్లని ముట్టుకోవాలి. అలాగని భయపడి అన్నీ మాన్పించకండి. కొత్తది ఏదైనా ఒక్కటొక్కటే, కొంచెమే, పొద్దున పూట పెట్టండి, పగలంతా గమనించొచ్చు. నువ్వెందుకమ్మా ఇంత చిక్కిపోయావు?"

"పథ్యం," అంది అత్తగారు, మొదటిసారి నిజంగా గుసగుసగా.

"తల్లి తిండికీ దీనికీ సంబంధం లేదు. అన్నీ తినమ్మా."

"ఉద్యోగం..." అని నసిగాడు మొగుడు.

"ఆవిడ ఉద్యోగం మానక్కర్లేదు. మీరు గింజలు మానండి."

పదకొండు వారాలుగా గుండె మీద కూర్చున్నదేదో లేచి, తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయినట్టయింది ఆమెకి. ఏడుద్దామనుకుంది. నవ్వొచ్చింది.

డాక్టరమ్మ సొరుగులోంచి సూది లేని నమూనా ఇంజెక్షన్ ఒకటి తీసింది. "పొరపాటున నోట్లో పడి, పెదాలు వాచి, ఊపిరి ఎగపోస్తే తొడ మీద ఇలా నొక్కి, వెంటనే ఆస్పత్రికి తేవాలి. ఎవరు నేర్చుకుంటారు?"

అత్తగారూ మొగుడూ ఇద్దరూ అలవాటు కొద్దీ కోడలి వైపు తిరిగారు. ఆమె చెయ్యి కూడా అలవాటు కొద్దీ సగం దాకా ముందుకు వెళ్ళింది. అక్కడ ఆగింది. తర్వాత పిల్లనెత్తి మొగుడి ఒళ్ళో కూర్చోబెట్టి, సంచి భుజానికి తగిలించుకుంది.

"పగలంతా పిల్ల దగ్గరుండేది అత్తయ్య, సాయంత్రం ముద్దులు పెట్టేది ఈయన. వాళ్ళిద్దరికీ నేర్పండి డాక్టరుగారూ. నాకు షిఫ్టుకి టైమవుతోంది, ఇంటికొచ్చాక నేను వాళ్ళ దగ్గర నేర్చుకుంటాను."